శిథిలాలు, స్మృతి, నింద: ఐర్లండ్ స్థల ఐతిహ్యాలలో క్రామ్‌వెల్

ప్రవేశిక

ఐర్లండ్ గ్రామసీమల్లో పైకప్పు లేని చర్చి గాని, సగం కూలిన కోట గాని కనిపించని ప్రాంతం అరుదు. వీటిని పాడుచేసిన దెవరన్న ప్రశ్నకు అక్కడి మౌఖిక సంప్రదాయం తరచుగా ఇచ్చే సమాధానం ఒక్కటే: ఆలివర్ క్రామ్‌వెల్. ఎదురుగా ఉన్న గుట్ట మీద ఫిరంగులు నిలిపి గోడలు పడగొట్టాడనీ, చర్చిలో గుర్రాలను కట్టివేశాడనీ, సన్యాసులను చంపించాడనీ చెప్పే కథలు ఊరూరా దొరుకుతాయి.

చరిత్ర పత్రాలు చెప్పేది వేరు. ఇంగ్లండ్ పార్లమెంటు సేనానిగా క్రామ్‌వెల్ 1649 ఆగస్టు 15న డబ్లిన్ తీరంలో దిగాడు. 1650 మే 26న తిరుగు ప్రయాణమయ్యాడు. అతడు ఆ దేశంలో ఉన్నది తొమ్మిది నెలల పైచిలుకు మాత్రమే. ఆ కాలంలో అతడి దండయాత్ర తూర్పు, దక్షిణ ప్రాంతాలకే పరిమితమైంది. పశ్చిమాన ఉన్న కానాట్ ప్రాంతంలో అతడు అడుగు పెట్టలేదు. అయినా కానాట్‌లోని శిథిలాలు కూడా అతడి ఖాతాలోనే పడ్డాయి.

ఈ వైరుధ్యాన్ని రెండు విధాలుగా తోసిపుచ్చవచ్చు. ఐతిహ్యం అజ్ఞాన జన్యమని చెప్పి పత్రాలకే పరిమితం కావడం ఒకటి. ప్రజల స్మృతి అబద్ధమాడదని చెప్పి పత్రాలను పక్కన పెట్టడం రెండవది. ఈ రెండూ సరైన మార్గాలు కావు. శిథిలాల ఐతిహ్యం ప్రధానంగా సమాధానం చెప్పేది "ఎప్పుడు కూలింది?" అన్న ప్రశ్నకు కాదు, "ఎవరు బాధ్యులు?" అన్న ప్రశ్నకు. ఈ భేదాన్ని గుర్తించినప్పుడు ఆ కథల్లోని పొరపాట్లు సైతం చరిత్ర రచనకు ఆకరాలవుతాయి. అయితే నిందను ఒకే పేరుకు అంటగట్టే క్రమంలో ఐతిహ్యం కొందరిని మరుగుపరుస్తుంది కూడా. ఈ రెండు అంశాలను కొన్ని నిర్దిష్ట స్థలాల ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం.

ఆకరాల స్వభావం

ఐర్లండ్ స్థల ఐతిహ్యాలు రెండు ప్రధాన సేకరణల ద్వారా మనకు చేరాయి. మొదటిది 19వ శతాబ్దానిది. 1824లో ప్రభుత్వం ఆర్డినెన్స్ సర్వే అనే భూమాపన సంస్థ ద్వారా దేశమంతటినీ కొలిపించడం మొదలుపెట్టింది. పటాల మీద గ్రామనామాలను సరిగా రాయడానికి ఐరిష్ భాష తెలిసిన పండితులు అవసరమయ్యారు. జార్జ్ పెట్రీ నేతృత్వంలోని విభాగంలో జాన్ ఒడోనవన్, యూజీన్ ఒకర్రీ వంటివారు పనిచేశారు. 1830వ దశకంలో ఒడోనవన్ ఊరూరా తిరిగి, పేర్లతోపాటు ఆయా చోట్ల చెప్పుకొనే కథలనూ, శిథిలాల కొలతలనూ లేఖల రూపంలో తన కార్యాలయానికి పంపాడు.

తెలుగు పరిశోధకులకు ఈ పద్ధతి పరిచితమే. 1815లో భారతదేశ సర్వేయర్ జనరల్‌గా నియమితుడైన కాలిన్ మెకంజీ, కావలి సోదరుల సహాయంతో సేకరింపజేసిన కైఫీయత్తులు కూడా భూమిని కొలిచే పాలన నీడలోనే పుట్టాయి. ఈ రెండు సర్వేల నడుమ సాంకేతికమైన సంబంధం కూడా ఉంది. జార్జ్ ఎవరెస్ట్ 1829లో ఐర్లండ్ వెళ్లి అక్కడి కొలత పద్ధతులను పరిశీలించాడు. ఆ సర్వే అధిపతి థామస్ కోల్బీ రూపొందించిన కొలత కడ్డీలను ఆ తర్వాత భారతదేశంలోనూ వాడారు. పాలకుల కోసం భూమిని కొలిచేవాడికి ఊరివాళ్లు ఏ కథ చెబుతారు, ఏ కథ దాచుకుంటారు అన్న ప్రశ్న రెండు దేశాల సేకరణలకూ వర్తిస్తుంది.

రెండవ సేకరణ స్వతంత్ర ఐర్లండ్‌ది. 1935లో జేమ్స్ డెలార్గీ సంచాలకుడిగా ఐరిష్ జానపద విజ్ఞాన సంఘం ఏర్పడింది. ఆ సంఘం 1937లో ప్రారంభించిన పథకంలో 26 కౌంటీలకు చెందిన సుమారు 5,000 పాఠశాలల నుంచి 50,000 మంది వరకు పిల్లలు తమ తల్లిదండ్రులనూ, తాతలనూ, ఇరుగుపొరుగు వృద్ధులనూ అడిగి విషయాలు రాసి తెచ్చారు. సంఘం ఆర్కైవిస్టు షాన్ ఓ సూలవాన్ ఉపాధ్యాయుల కోసం ఒక మార్గదర్శిని తయారుచేశాడు. స్థానిక శిథిలాలు, దాచిన నిధులు, పాత శ్మశానాలు అందులో ప్రత్యేక శీర్షికలు. సుమారు 7,40,000 పుటల ఈ సేకరణ ఇప్పుడు డబ్లిన్ యూనివర్సిటీ కాలేజీలో ఉంది. సంఘం సేకరణలను 2017లో యునెస్కో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చారు.

ఈ ఆకరానికి ఒక పరిమితి ఉంది. రాసింది పిల్లలు, రాయించింది ఉపాధ్యాయులు, శీర్షికలు ఇచ్చింది కొత్తగా ఏర్పడిన రాజ్యానికి చెందిన సంస్థ. తరగతిలో చదివిన చరిత్ర పాఠం తాత చెప్పిన కథలో కలిసిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుచేత "క్రామ్‌వెల్ కూల్చాడు" అని ఒక్క వాక్యంలో ముగిసే కథనాన్నీ, ఫిరంగి నిలిపిన పొలం పేరు, పారిపోయినవారు దాటిన రేవు, ఆ తర్వాత భూమి పొందిన కుటుంబం వంటి వివరాలున్న కథనాన్నీ ఒకే తూకంలో వేయరాదు. మొదటిది దేశమంతటా వ్యాపించిన సూత్రం. రెండవదానిలో స్థానిక స్మృతి పాలు ఎక్కువ.

మూడు పేర్లు, మూడు రకాల కట్టడాలు

ఐరిష్ ఐతిహ్యం ప్రాచీన కట్టడాలను మూడు పేర్ల కింద సర్దుకుంది. గుండ్రటి మట్టి కోటలన్నీ డేనులవి. ఎత్తైన రాతి గోపురాలు గొబాన్ సేర్ కట్టినవి. కూలిన చర్చిలూ కోటలూ క్రామ్‌వెల్ పడగొట్టినవి.

వీటిలో మొదటిది పురావస్తు పరిశోధన ముందు నిలవదు. దేశంలో సుమారు 45,000 దాకా ఉన్న ఆ వలయాకారపు కట్టలు వైకింగ్ దండయాత్రికులవి కావు. వాటిలో అత్యధికం క్రీ.శ. తొలి సహస్రాబ్ది ద్వితీయార్ధంలో ఐరిష్ రైతు కుటుంబాలు తమ ఇళ్ల చుట్టూ వేసుకున్నవే. తమ పూర్వికుల ఇళ్లనే పరాయివారి కోటలుగా అక్కడి ప్రజలు గుర్తుంచుకున్నారు.

గొబాన్ సేర్ ఐతిహ్య శిల్పి. మనవైపు చక్కని ప్రతి గుడినీ జక్కన్న చెక్కాడని చెప్పుకొన్నట్లే, అక్కడ మంచి రాతిపని ఎక్కడ కనిపించినా అతడిదే అంటారు. గాల్వే కౌంటీలోని కిల్మక్‌డువాలో సుమారు 34 మీటర్ల ఎత్తున, కొంచెం ఒరిగి నిలిచిన గోపురాన్ని అతడు ఏడవ శతాబ్దపు కోల్మన్ మునికి కట్టి ఇచ్చాడని ప్రతీతి. కాని అటువంటి గోపురాలు 10–12 శతాబ్దాలకు చెందినవి.

ఇటువంటి పొరపాట్లు చదువుకోని వారికే పరిమితమని అనుకోరాదు. ఈ గోపురాలు ఫినీషియన్ల అగ్ని దేవాలయాలని 18వ శతాబ్దపు పండితులు వాదించారు. 1834లో హెన్రీ ఒబ్రియన్ వాటిని బౌద్ధంతో ముడిపెడుతూ ఏకంగా ఒక గ్రంథమే వెలువరించాడు. అవి క్రైస్తవ మఠాల గంటగోపురాలని శాసనాల, గ్రంథాల, నిర్మాణ రీతుల ఆధారంగా నిరూపించినవాడు పెట్రీ. 1833లో రాయల్ ఐరిష్ అకాడమీ బహుమతి పొందిన అతడి వ్యాసం 1845లో విస్తృత రూపంలో అచ్చయింది. కట్టినది క్రైస్తవ మఠాలేనన్న ఒక్క విషయంలో, గోపురాన్ని మునితో ముడిపెట్టిన పల్లె కథ ఆనాటి పండితుల ఊహలకంటే సత్యానికి దగ్గరగా ఉంది.

కాషెల్: నింద తప్పిన చోటు

టిప్పరేరీ కౌంటీలోని కాషెల్ శిల ఐర్లండ్ శిథిలాలన్నిటిలో ప్రసిద్ధమైనది. దాని పుట్టుకకే ఒక కథ ఉంది. సాతాను కొండను కొరికి ఆ ముక్కను మైదానంలో ఉమ్మివేయగా ఈ శిల ఏర్పడిందంటారు. ఉత్తరాన ఉన్న ఆ కొండను నేటికీ 'సాతాను కాటు' అనే అర్థమిచ్చే పేరుతోనే పిలుస్తారు. కొండది ఇసుకరాయి, శిలది సున్నపురాయి. కథకు భూగర్భశాస్త్రం తోడు రాదు. కాని దిగంతంలో కనిపించే నొక్కునూ, మైదానంలో ఒంటరిగా నిలిచిన శిలనూ ఒకే చూపులో కలిపి చదివిన పరిశీలన అందులో ఉంది.

1101లో మన్‌స్టర్ రాజు మర్టాగ్ ఒబ్రియన్ ఈ శిలను చర్చికి దానం చేశాడు. 1134లో కోర్మాక్ ప్రార్థనాలయం ప్రతిష్ఠితమైంది. తర్వాతి శతాబ్దంలో పెద్ద చర్చి లేచింది. దీన్ని పాడుచేసినవాడు క్రామ్‌వెల్ అన్న మాట తరచుగా వినిపిస్తుంది. 1650 ఆరంభంలో అతడి సేన ఆ ప్రాంతంలో తిరిగిన మాట వాస్తవమే. కాని కాషెల్‌లో ఘోర వధ జరిగింది అంతకు ముందే, 1647 సెప్టెంబరులో. చర్చిలో తలదాచుకున్న వందలాది మందిని చంపించినవాడు పార్లమెంటు పక్షాన మన్‌స్టర్ సేనకు అధిపతిగా ఉన్న ఇంచిక్విన్ ప్రభువు మురో ఒబ్రియన్. ఇతడు పరదేశీయుడు కాడు. శిలను దానమిచ్చిన రాజు ఏ వంశానికి చెందినవాడో ఇతడూ ఆ వంశం వాడే. మరుసటి సంవత్సరమే అతడు పక్షం మార్చి రాజు వైపు చేరాడు.

వధ జరిగిన తర్వాత కూడా చర్చి కూలిపోలేదు. దాని పైకప్పు పోయింది ఒక శతాబ్దం తర్వాత. 1749లో ప్రొటెస్టంటు ఆర్చిబిషప్ ఆర్థర్ ప్రైస్ కాలంలో ఆ చర్చిని వదిలివేసి ఆరాధనను ఊళ్లోకి మార్చారు. నాలుగు గుర్రాల బండి శిల మీదికి ఎక్కలేకపోవడమే అందుకు కారణమని స్థానికంగా చెప్పుకొంటారు. కారణం ఏదైనా, నేడు మనం చూసే కప్పులేని గోడలు ఫిరంగి దెబ్బ ఫలితం కంటే, వాడకం మానివేసిన ఫలితం.

ఈ సందర్భంలో మౌఖిక సంప్రదాయం మురోను పూర్తిగా మరచిందా? లేదు. ఐరిష్ భాషలో అతడికి 'మంటల మురో' అని బిరుదు నిలిచింది. భయంతో వణికిపోయినవాడిని చూసి, వీడు మురోనో మురో పక్కన ఉన్న పొదనో చూసి ఉంటాడనే సామెత మన్‌స్టర్ ప్రాంతపు ఐరిష్‌లో పుట్టింది. కాబట్టి స్మృతి రెండు పొరలుగా ఉందని గ్రహించాలి. సామెత వంటి భాషా రూపాలలో స్థానిక నేరస్థుడు మిగిలాడు. భాష ఇంగ్లీషుకు మారి, కథ దేశవ్యాప్త రూపం పొందినప్పుడు అతడి స్థానాన్ని క్రామ్‌వెల్ ఆక్రమించాడు. మన వంశం వాడే మన గుడిని తగలబెట్టాడని చెప్పుకోవడం కంటే, సముద్రం దాటి వచ్చినవాడు తగలబెట్టాడని చెప్పుకోవడం జాతి కథకు సులువు.

లెమనే: పత్రాల స్త్రీ, కథల స్త్రీ

క్లేర్ కౌంటీలోని లెమనే కోటలో 15వ శతాబ్దపు బురుజునూ, 17వ శతాబ్దపు నాలుగంతస్తుల భవనాన్నీ జంటగా చూడవచ్చు. దీని కథానాయిక మారె రువా, అంటే ఎర్రజుట్టు మేరీ. ఆమె భర్త కోనర్ ఒబ్రియన్ 1651లో పార్లమెంటు సేనతో పోరాడుతూ గాయపడి మరణించాడు. కొనఊపిరితో తెచ్చిన భర్తను చూసి, ఈ ఇంట్లో చచ్చినవారితో పని లేదని ఆమె అన్నదట. బతికి ఉన్నాడని తెలిశాక అతడు పోయేవరకు సేవ చేసి, వెంటనే పట్టు వస్త్రాలు ధరించి శత్రు సేనాని వద్దకు వెళ్లి, ఆస్తిని కొడుకుకు నిలుపుకోవడానికి అతడి అధికారులలో ఎవరినైనా పెళ్లాడతానన్నదట. ఇక్కడితో కథ ఆగదు. ఆమె ఆ రెండవ మొగుడిని తన్ని చంపిందనీ, పాతికమంది భర్తలను మార్చిందనీ, పనికత్తెలను ఉరివేయించిందనీ, చివరకు ఆమెను తొర్రచెట్టులో బంధించారనీ చెబుతారు.

జానపద విజ్ఞాన సంఘంలో పనిచేసిన మారె మెక్‌నీల్ రాసిన జీవిత చరిత్ర 1990లో, రచయిత్రి మరణానంతరం వెలువడింది. పత్రాలలో కనిపించే మేరీకి పాతికమంది కాదు, ముగ్గురు భర్తలు. కోనర్ రెండవవాడు. 1653లో ఆమె క్రామ్‌వెల్ పక్షపు అధికారి జాన్ కూపర్‌ను పెళ్లాడిన మాట నిజం. ఆస్తి కొడుకు డోనోకు దక్కిన మాటా నిజమే. ఆమె 1686లో చనిపోయింది. అదే ఏడు కొడుకు బారొనెట్ అయ్యాడు. అతడు నివాసాన్ని డ్రోమోలాండ్‌కు మార్చుకోవడంతో లెమనే క్రమంగా పాడుపడింది. 20వ శతాబ్దారంభంలో దాని ద్వారతోరణాన్ని కూడా అక్కడికే తరలించారు. అంటే ఈ కోటను ఏ సేనా కూల్చలేదు. భూమిని నిలుపుకొన్న కుటుంబమే దాన్ని వదిలివేసింది.

ఐతిహ్యం ఇక్కడ సంఘటన సారాన్ని పట్టుకుంది: భూమి నిలవడానికి శత్రువుతో సంబంధం కలుపుకోవలసి వచ్చింది. ఆ రాజీని చేసిన స్త్రీని మాత్రం క్షమించలేదు. అదే పని చేసిన పురుషులు పత్రాలలో వందల సంఖ్యలో ఉండగా, రాక్షసిగా మారినది వితంతువు. నింద పంచడంలో ఐతిహ్యం చూపే పక్షపాతానికి ఇది నిదర్శనం.

బాలింటబర్, కిల్డెమాక్: నిలిచిన గోడలు

మేయో కౌంటీలోని బాలింటబర్ మఠాన్ని 1216లో కానాట్ రాజు కాహల్ కట్టించాడు. 16వ శతాబ్దంలో, ఎనిమిదవ హెన్రీ మొదలుపెట్టిన మఠాల రద్దులో ఇది కూడా ఆస్తులు కోల్పోయింది. 1653లో క్రామ్‌వెల్ పక్షపు సైనికులు నిప్పు పెట్టారు. అప్పటికి అతడు దేశం విడిచి మూడేళ్లయింది. అయినా ఇక్కడ అతడి పేరు చెప్పడం అసంగతం కాదు, ఎందుకంటే అది వ్యక్తి పేరు కాదు, ప్రభుత్వం పేరు. కప్పు పోయిన తర్వాత కూడా ఆ గోడల నడుమ ప్రార్థన ఆగలేదన్నది అక్కడివారి గర్వం. 1966లో, స్థాపన జరిగి 750 ఏళ్లు నిండిన సందర్భంగా, చర్చికి మళ్లీ కప్పు వేశారు.

లౌథ్ కౌంటీలోని కిల్డెమాక్‌లో ఐతిహ్యం మరో దారి పట్టింది. అక్కడ పాత చర్చి చివరి గోడ తన పునాదికి సుమారు మూడు అడుగులు లోపలికి జరిగి, ఒరిగి నిలిచి ఉంది. 1715లో వచ్చిన పెనుగాలి దాన్ని ఎత్తి పెట్టిందని ఆనాటి కథనాలు చెబుతాయి. ఊరి కథ ప్రకారం, మతం నుంచి వెలివేసినవాడిని చర్చి లోపల పాతిపెట్టగా, ఆ సమాధి బయటికి పోయేలా గోడ తానే లోపలికి దూకింది.

కిల్డెమాక్ కథలో క్రామ్‌వెల్ లేడు. కాని ఆ కథ సాగేది కూడా బాధ్యత తర్కంతోనే. గాలికి గోడ కదిలిందన్నది కారణం చెబుతుంది, అర్థం చెప్పదు. ఎవరు మనవారు, ఎవరు కారు అన్న ప్రశ్న ప్రాణసంకటంగా ఉన్న 18వ శతాబ్దంలో, కప్పులేని చర్చి ఆవరణలే కాథలిక్కులకు శ్మశానాలుగా మిగిలాయి. సమాధి చోటు మీద హక్కు ఎవరిదో అక్కడ గోడే తేల్చిచెప్పింది.

పేరు వెనుక భూమి

ఇన్ని రకాల విధ్వంసం ఒక్క మనిషి మీదికే ఎందుకు చేరింది? డ్రాహెడా, వెక్స్‌ఫర్డ్ పట్టణాల్లో 1649లో జరిగిన వధ ఒక కారణం. అయితే అంతకంటే లోతైన కారణం భూమి. 1652 చట్టం తర్వాత కాథలిక్ భూస్వాముల ఆస్తులను స్వాధీనం చేసుకుని, సైనికులకూ అప్పులిచ్చినవారికీ పంచారు. 1650వ దశకం మధ్యలో విలియం పెట్టీ నడిపిన డౌన్ సర్వే ఆ పంపకం కోసమే భూమిని కొలిచింది. చరిత్రకారుడు జె. జి. సిమ్స్ లెక్క ప్రకారం, కాథలిక్కుల చేతిలోని భూమి 1641లో 59 శాతం, 1688 నాటికి 22 శాతం, 1703 నాటికి 14 శాతం. కోటలో ఉండే కుటుంబం మారింది, మఠానికి దానాలిచ్చే చేయి పోయింది. కప్పు బాగుచేయించే దాత లేని చర్చి ఫిరంగి అవసరం లేకుండానే కూలుతుంది.

ఈ దృష్టితో చూస్తే, మఠాల రద్దు మొదలైన 1530ల నుంచి కాషెల్ కప్పు పోయిన 1749 వరకు రెండు శతాబ్దాలకు పైగా సాగిన ప్రక్రియను ఐతిహ్యం తొమ్మిది నెలలకు కుదించింది. మౌఖిక చరిత్రలో ఇటువంటి కుదింపు అసాధారణం కాదు. ఇటలీలోని టెర్నీ పట్టణంలో 1949లో పోలీసుల చేతిలో మరణించిన లుయీజీ ట్రస్తుల్లి అనే కార్మికుడి మరణాన్ని తోటి కార్మికులు 1953 నాటి సమ్మెలో జరిగినట్లు గుర్తుంచుకున్నారని అలెస్సాండ్రో పోర్తెల్లి చూపాడు. తేదీ మారిన చోటే ఆ మరణానికి వారు ఇచ్చుకున్న అర్థం దొరుకుతుందన్నది అతడి వాదం సారాంశం. 1798 నాటి తిరుగుబాటు స్మృతుల మీద గై బైనర్ 2007లోనూ, క్రామ్‌వెల్ స్మృతి మీద సారా కవింగ్టన్ 2022లోనూ వెలువరించిన గ్రంథాలు ఐరిష్ ఆకరాలను ఇటువంటి దృష్టితోనే చదివాయి.

క్రామ్‌వెల్ ఐర్లండ్‌లోనే చనిపోయాడనీ, పాతిపెట్టిన ప్రతిసారీ నేల అతడి శవాన్ని బయటికి నెట్టిందనీ ఒక కథ ఉంది. నిజానికి అతడు 1658లో లండన్‌లో మరణించాడు. 1661లో రాజపక్షం అతడి శవాన్ని తవ్వించి ఉరికంబానికి వేలాడదీసింది. సమాధి అతడికి దక్కలేదన్న అంశం రెండింటిలోనూ ఉంది. ఐతిహ్యంలో ఆ శిక్ష వేసింది రాజు కాదు, నేల. భూమిని లాక్కున్నవాడికి భూమి చోటు ఇవ్వలేదన్న తీర్పు వంద ఎకరాల లెక్కలు చెప్పలేనంత స్పష్టంగా ఆ కథలో ఉంది.

ఐతిహ్యం మరుగుపరిచేవి

ఈ చదువుకు హద్దులు గీయకపోతే ప్రమాదం. నింద ఒకే పేరుకు చేరినప్పుడు ఇతరులు తప్పించుకుంటారు. కాషెల్‌లో స్వదేశీ ప్రభువు తప్పించుకున్నాడు. మఠాలు రద్దయినప్పుడు వాటి భూములను కొనుగోలు చేసినవారిలో, కౌలుకు తీసుకున్నవారిలో స్థానిక కాథలిక్ కుటుంబాలు కూడా ఉన్నాయి. వారి ప్రస్తావన కథల్లో అరుదు. కూలిన కోట రాళ్లతో గోడలూ దొడ్లూ కట్టుకున్న ఊరివారు కూడా ఆ విధ్వంసంలో భాగస్వాములే. చర్చి రాయిని ఇంటికి తెచ్చినవాడి పశువులు చచ్చాయని చెప్పే కథలు అందుకే పుట్టి ఉండాలి. ఎవరూ రాళ్లు తీసుకుపోకపోతే అటువంటి హెచ్చరిక అవసరం ఉండదు. ఆ నిషేధం కొన్ని శిథిలాలను కాపాడింది కూడా. 1869 చట్టం కింద కాషెల్ 1874లో ప్రభుత్వ సంరక్షణలోకి రావడానికి చాలా ముందే, భయం రూపంలో ఒక రక్షణ చట్టం పల్లెల్లో అమలులో ఉండేది.

ఉపసంహారం

పై పరిశీలన నుంచి మూడు అంశాలు తేలుతున్నాయి. ఒకటి: శిథిల ఐతిహ్యాన్ని కాలనిర్ణయానికి ఆధారంగా వాడరాదు, బాధ్యత నిర్ణయించిన తీరుకు ఆధారంగా వాడాలి. రెండు: ఐతిహ్యానికీ పత్రానికీ మధ్య తేడా కనిపించిన ప్రతిచోటా, ఆ తేడా వల్ల ఎవరికి నింద తగ్గింది, ఎవరికి పెరిగింది అని ప్రశ్నించాలి. మూడు: సామెతలు, బిరుదులు, పొలాల పేర్లు వంటి చిన్న రూపాలు పెద్ద కథల కంటే పాత పొరలను దాచుకొని ఉంటాయి గనుక వాటిని ముందుగా సేకరించాలి.

స్థల పురాణాలూ కైఫీయత్తులూ విస్తారంగా ఉన్న తెలుగు నేలలో కూడా పాడుబడిన గుడినీ కోటనూ ఒకే శత్రువు పేరుకు అంటగట్టే అలవాటు ఉంది. ఆ పేరును ఉన్నదున్నట్లు నమ్మడం వల్ల గాని, వెక్కిరించడం వల్ల గాని చరిత్ర తెలియదు. ఎవరి భూమి ఎవరికి పోయింది, గుడికి దీపం పెట్టే మాన్యం ఎప్పుడు ఆగింది, ఆ రాళ్లు ఎవరి ఇంటి గోడలో ఉన్నాయి అన్న ప్రశ్నలు వేసినప్పుడే ఐతిహ్యమూ పత్రమూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పగలవు.